కంబర్లాండ్ ద్వీపంలో రెండు రాత్రులు: బుకింగ్ నుంచి తిరుగు ఫెర్రీ దాకా

ఏటా చలికాలం దగ్గర పడేసరికి నాకు ఒకే రకం మెసేజీలు వస్తాయి. "కంబర్లాండ్ ద్వీపానికి కారు వెళ్తుందా?" "పిల్లలతో టెంట్‌లో ఉండొచ్చా?" "అక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా?" ఎక్కువగా అట్లాంటా, జాక్సన్‌విల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

కారు వెళ్లదు. తినడానికి ఏమీ దొరకదు. పిల్లలతో ఉండొచ్చు, హాయిగా ఉండొచ్చు. అయితే ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి: అక్కడ మీకు కావలసిన ప్రతి వస్తువూ మీరే మోసుకెళ్లాలి, మిగిలిన చెత్త చివరి ముక్క దాకా మీరే మోసుకురావాలి. కింద రాసినదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ద్వీపం అమెరికాలోని జార్జియా తీరంలో దక్షిణం కొసన, ఫ్లోరిడా సరిహద్దు దగ్గర ఉంది. పొడవు సుమారు 17 మైళ్లు. పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట ఎలా అడ్డంగా ఉంటుందో, ఇదీ అట్లాంటిక్‌కీ వెనకున్న బురద నేలలకీ మధ్య అలాగే అడ్డుపడి ఉంటుంది. 1972లో దీన్ని నేషనల్ సీషోర్‌గా, అంటే ప్రభుత్వం కాపాడే సముద్రతీర పార్కుగా, ప్రకటించారు. ఫెర్రీలో రోజుకి సుమారు 300 మందినే తీసుకెళ్తారు. బీచ్ మీద ఒక మైలు నడిచినా ఇంకో మనిషి కనిపించకపోవడానికి కారణం అదే.

ఎప్పుడు వెళ్లాలి

మొదటిసారి వెళ్లేవాళ్లు నవంబరు మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారాల లోపు చూసుకోండి. పగలు నడవడానికి బాగుంటుంది, దోమలు తక్కువ. చలికాలం రాత్రిళ్లు మాత్రం మంచు ప్రాంతమంత కాకపోయినా గట్టిగానే చల్లబడతాయి. "సౌత్ కదా, ఏం చలి" అనుకుని పల్చటి దుప్పట్లు తీసుకెళ్లినవాళ్లు తెల్లవార్లూ కూర్చునే ఉంటారు.

ఎండాకాలం వెళ్తే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. అది చూడాలని ఉంటే వెళ్లండి. కానీ ఉక్కపోత, దోమలు, వాటికి తోడు నో-సీ-అమ్స్ అనే కంటికి ఆనని చిన్న ఈగలు ఉంటాయి. ఇవి మామూలు దోమతెర కన్నాల్లోంచి కూడా దూరతాయి. అయిదేళ్ల లోపు పిల్లలుంటే జూన్, జూలై, ఆగస్టు వద్దనే చెప్తాను. జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలం కూడా.

తేదీలు ఖాయం చేసే ముందు పార్కు వెబ్‌సైట్‌లో రెండు విషయాలు చూడండి. చలికాలంలో ఫెర్రీ వారంలో అన్ని రోజులూ నడవదు. శరదృతువులో, చలికాలంలో కొన్ని రోజులు అనుమతితో వేట జరుగుతుంది, అప్పుడు ద్వీపంలో కొన్ని చోట్లకి వెళ్లనివ్వరు.

ఒక్క రాత్రికి మాత్రం వెళ్లకండి. మొదటి రోజు ఫెర్రీ, సామాను, టెంట్‌తోనే సరిపోతుంది. మర్నాడు ఉదయం మళ్లీ సర్దుకోవడమే. రెండు రాత్రులుంటే మధ్యలో ఒక పూర్తి రోజు మీ చేతిలో ఉంటుంది.

1. ఏ క్యాంపులో ఉండాలో తేల్చుకోండి

అయిదు చోట్ల టెంట్ వేసుకోవచ్చు. పిల్లలతో, పెద్దవాళ్లతో, మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: సీ క్యాంప్. ఫెర్రీ దిగిన చోటు నుంచి సుమారు అర మైలు. తాగే నీళ్లు, టాయిలెట్లు, చన్నీళ్ల షవర్లు, మంట వేసుకునే ఇనుప రింగు, బల్ల, తిండి దాచుకునే జాలీ పెట్టె అన్నీ ఉంటాయి. అక్కడినుంచి చెక్క దారి మీద కాసేపు నడిస్తే సముద్రం.

కొంచెం నడవగలిగినవాళ్లకి స్టాఫర్డ్ బీచ్ ఉంది, రేవు నుంచి 3.5 మైళ్లు. టాయిలెట్లు, షవర్లు ఉంటాయి కానీ నీళ్లు శుద్ధి చేసుకునే తాగాలి. ఇంకా పైకి వెళ్తే హికరీ హిల్ 5.5 మైళ్లు, యాంకీ ప్యారడైజ్ 7.5 మైళ్లు, బ్రిక్‌హిల్ బ్లఫ్ 10.5 మైళ్లు. ఈ మూడూ చట్టప్రకారం రక్షిత అడవిలో ఉన్నాయి. టాయిలెట్ ఉండదు, మంట వేయకూడదు, చిన్న స్టవ్ మీదే వండుకోవాలి, నీళ్లు వడగట్టుకోవాలి. ఇదివరకు బ్యాగు వీపున వేసుకుని రాత్రి బస చేసిన అలవాటు ఉంటేనే వీటి జోలికి వెళ్లండి. బీచ్ ఇసుకలో టెంట్ వేయడం ఎక్కడా కుదరదు.

అట్లాంటాలో ఒక కుటుంబం ఫోటోలు చూసి మొదటిసారే బ్రిక్‌హిల్ బ్లఫ్ బుక్ చేసింది. నది ఒడ్డున చాలా అందమైన చోటే. కానీ ఏడేళ్ల పాపతో, చక్రాల సూట్‌కేసుతో ఇసుక దారిలో పదిన్నర మైళ్లు ఎలా వెళ్తారు? రెండు మైళ్లు దాటేసరికి సాయంత్రమైంది, వెనక్కి తిరిగారు. చక్రాలు ఇసుకలో తిరగవు.

2. బుకింగులు రెండు, విడివిడిగా

అందరూ తప్పు చేసేది ఇక్కడే. క్యాంపు బుకింగు వేరు, ఫెర్రీ టికెట్ వేరు. ఒకటి చేస్తే రెండోది దానంతట అది రాదు.

క్యాంపు చోటు రిక్రియేషన్ డాట్ గవ్ (Recreation.gov) అనే సైట్‌లో దొరుకుతుంది, ఆరు నెలల ముందు నుంచి తెరుచుకుంటుంది. సెలవులు కలిసొచ్చే వారాంతాలు చాలా త్వరగా అయిపోతాయి. సీ క్యాంప్‌లో ఒక్కో చోట ఆరుగురి దాకా ఉండొచ్చు. ఫెర్రీ టికెట్ దాన్ని నడిపే సంస్థ దగ్గర తీసుకోవాలి. ఫెర్రీ సెయింట్ మేరీస్ ఊరి నుంచి బయలుదేరుతుంది, ప్రయాణం సుమారు ముప్పావు గంట.

చేయాల్సిన వరుస ఇది. ముందు రెండు సైట్లూ పక్కపక్కన తెరిచి పెట్టుకోండి. మీరు అనుకున్న తేదీకి ఫెర్రీ ఉందో లేదో, సీట్లు ఉన్నాయో లేదో చూడండి. ఉంటే క్యాంపు బుక్ చేయండి. వెంటనే, టీ పెట్టుకోవడానికి కూడా లేవకుండా, ఫెర్రీ బుక్ చేయండి. వెళ్లేటప్పుడు ఉదయం మొదటి ఫెర్రీ తీసుకోండి. తిరుగు టికెట్ మీరు దిగే రోజుది కాదు, క్యాంపు ముగిసే రోజుది. అదే రోజు వెళ్లొచ్చే టికెట్ పొరపాటున తీసుకున్నవాళ్లు నాకు తెలిసి ముగ్గురున్నారు.

సరిగ్గా అయిందో లేదో ఇలా చూసుకోండి: క్యాంపు మొదటి రాత్రి తేదీ, ఫెర్రీ వెళ్లే తేదీ ఒకటే ఉండాలి. క్యాంపు ఖాళీ చేసే తేదీ, ఫెర్రీ తిరిగొచ్చే తేదీ ఒకటే ఉండాలి. రెండింటిలోనూ మనుషుల లెక్క, పిల్లలతో సహా, ఒకటే ఉండాలి. ఒక కాగితం మీద రాసి పక్కన టిక్కు పెట్టుకోండి.

వీటితో పాటు పార్కు ప్రవేశ రుసుము ఉంటుంది. పదహారేళ్లు, ఆపైన ఉన్న ప్రతి ఒక్కరికీ కట్టాలి. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంటే తీసుకెళ్లండి, ప్రవేశానికి అది చెల్లుతుంది. ఫెర్రీకి, క్యాంపుకి చెల్లదు.

3. సామాను సర్దుకోవడం

సీ క్యాంప్ రేవు దగ్గర తోపుడు బండ్లు ఉంటాయి. వాటిలో వేసుకుని అర మైలు నెట్టుకెళ్లొచ్చు. అయినా బండి ఉంది కదా అని ఇల్లంతా తేవొద్దు. బండ్లు అందరికీ సరిపోవాలి, ఫెర్రీ ఎక్కించడం దించడం మీ చేతులతోనే.

కావలసినవి:

- టెంట్, కింద పరిచే టార్పాలిన్. ఇసుక నేలకి పొడుగాటి, వెడల్పాటి మేకులు. టెంట్‌తో వచ్చే సన్నని మేకులు ఇసుకలో నిలవవు.
- స్లీపింగ్ బ్యాగు, కింద వేసుకునే ప్యాడ్. నేల చలి కింద నుంచే ఎక్కుతుంది కాబట్టి పైన దుప్పటి కన్నా కింద ప్యాడ్ ముఖ్యం.
- తలకి కట్టుకునే లైటు మనిషికొకటి. అందులో ఎర్ర లైటు కూడా ఉండేది కొనండి, ఎందుకో కింద చెప్తాను.
- నీళ్ల సీసాలు, మనిషికి మూడు లీటర్లు పట్టేలా.
- దోమల మందు, ఎండకి పూసుకునే క్రీము, టోపీ, పొడుగు చేతుల చొక్కా, కాళ్లు పూర్తిగా కప్పే ప్యాంటు.
- చిన్న పట్టకారు. దువ్వెన మర్చిపోయినా ఫర్వాలేదు, ఇది మర్చిపోవద్దు.
- గట్టి చెత్త సంచులు నాలుగు.
- రోజూ వేసుకునే మందులు ఒక రోజు ఎక్కువగా. గాలివాన వస్తే ఫెర్రీ ఆగిపోవచ్చు.
- పార్కు మ్యాపు కాగితం మీద. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు.

తేకూడనివి: కుక్కలు, పిల్లులు, కయాక్‌లు. ఫెర్రీలో వీటిని ఎక్కించరు. సైకిలు కావాలంటే ద్వీపం మీదే అద్దెకి దొరుకుతాయి. స్టవ్ గ్యాస్ డబ్బా, బొగ్గులు తేవాలనుకుంటే ఫెర్రీ నియమాలు టికెట్ కొనేటప్పుడే చదువుకోండి. రేవు దగ్గర పక్కన పెట్టేయమంటే ఆ రెండు రోజుల వంట ఆగిపోతుంది.

సర్దడం అయ్యాక ఒక పరీక్ష పెట్టుకోండి. బయలుదేరే ముందు రోజు సామానంతా మీరే పట్టుకుని, బండి లేకుండా, వీధి చివరి దాకా వెళ్లి రండి. ఒక్క విడతలో వెళ్లలేకపోతే బరువు ఎక్కువైనట్టే. మళ్లీ విప్పి మూడో వంతు తీసేయండి. కొత్త టెంట్ అయితే ఇంటి దగ్గర ఒకసారి వేసి చూడండి. చీకటి పడుతుంటే అక్కడ మొదటిసారి ఆ కర్రలు విడదీసి చూడటం ఎంత టెన్షనో చెప్పలేను.

4. తిండి

ద్వీపంలో కొట్టు లేదు. ఉన్న ఒక్క హోటల్‌కీ క్యాంపు తిండికీ సంబంధం లేదు. రెండు రాత్రులకి ఆరు పూటల తిండి, ఒక పూట అదనంగా తీసుకెళ్లండి.

మనవాళ్లు ఈ విషయంలో ఎప్పుడో ముందున్నారు. రైళ్లలో రెండు రోజుల ప్రయాణానికి కట్టుకునే తిండే ఇక్కడికీ సరిపోతుంది. మొదటి రోజుకి పులిహోర, రెండో రోజు ఉదయానికి మెత్తటి చపాతీలు, ఊరగాయ. రెండో రోజు రాత్రికి ఇంట్లోనే వేయించి పెట్టుకున్న ఉప్మా రవ్వ. తాలింపు కూడా అందులో వేసేసి జిప్‌లాక్‌లో పెడితే వేడినీళ్లు పోసి కలపడమే. అటుకులు, వేరుశెనగ ఉండలు, ఖర్జూరం, నిమ్మకాయలు. పెరుగు తేవాలంటే చిన్న కూలర్లో మొదటి రోజుకే. కొబ్బరి చట్నీ వద్దు, సాయంత్రానికే పాడవుతుంది.

గాజు సీసాలు తేవద్దు. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని ఇంకో మూత బిగుతైన డబ్బాలో పెట్టండి. మూత వదులై నూనె బ్యాగంతా కారితే అది బట్టలకి మాత్రమే నష్టం కాదు. ఆ వాసనకి రాత్రి ఎవరొస్తారో 7వ అంకె కింద చెప్తాను.

వంటకి రెండు గిన్నెలు, ఒక గరిటె చాలు. ప్రెషర్ కుక్కర్ తెచ్చినవాళ్లని చూశాను. మోయగలిగితే మీ ఇష్టం, గ్యాస్ మాత్రం నిజంగానే ఆదా అవుతుంది.

5. ఫెర్రీ రోజు

అట్లాంటా నుంచి అయిదున్నర, ఆరు గంటల డ్రైవు. ఐ-95 మీద 3వ ఎగ్జిట్ దగ్గర దిగి 40వ నంబరు రోడ్డు మీద చివరిదాకా వెళ్తే సెయింట్ మేరీస్ వస్తుంది. తెల్లవారుజామున అట్లాంటాలో బయలుదేరి ఉదయం ఫెర్రీ అందుకుందామనుకోవద్దు. ముందు రాత్రే సెయింట్ మేరీస్‌లో గానీ, పక్కన కింగ్స్‌లాండ్‌లో గానీ బస చేయండి. ఫెర్రీ ఎవరికోసమూ ఆగదు.

ఫెర్రీ టైముకి గంట ముందు అక్కడ ఉండండి. వాటర్‌ఫ్రంట్ దగ్గర పార్కు విజిటర్ సెంటర్‌లో ముందు చెక్-ఇన్ చేయాలి. ఇది చేయకుండా నేరుగా లైన్లో నిలబడితే చివరి నిమిషంలో వెనక్కి పరుగెత్తాల్సి వస్తుంది. సామాను దించి, ఒకరిని దాని దగ్గర ఉంచి, ఒకరు చెక్-ఇన్‌కి, ఒకరు కారు పెట్టడానికి వెళ్తే పని తేలిక.

సీసాలన్నీ ఇక్కడే నింపుకోండి. ద్వీపంలో ఫెర్రీ రెండు చోట్ల ఆగుతుంది: డంజెనెస్, సీ క్యాంప్. టెంట్ వేసేవాళ్లు సీ క్యాంప్ రేవులో దిగాలి. అందరూ లేచారని మీరూ లేచి డంజెనెస్‌లో దిగితే, బరువుతో సుమారు మైలు నడక. దిగాక రేంజర్ క్యాంపు వాళ్లందరినీ కూర్చోబెట్టి కాసేపు నియమాలు చెప్తారు. పిల్లల్ని కూడా వినమనండి, వాళ్లకే బాగా గుర్తుంటుంది.

6. టెంట్ వేయడం

సీ క్యాంప్ అంతా లైవ్ ఓక్ చెట్ల కింద ఉంటుంది. కొమ్మలు నేలబారుగా పాకి, వాటి నిండా బూడిదరంగు నాచు జడల్లా వేలాడుతుంటుంది. పక్కన ఈతాకుల్లాంటి పామెటో పొదలు. పైనుంచి ఎండ పడదు, గాలి విసురు తగలదు.

టెంట్ వేసే ముందు పైకి చూడండి. ఎండి విరిగి, వేరే కొమ్మ మీద ఆనుకున్న కొమ్మ ఏదైనా ఉంటే దాని కింద వేయవద్దు. తర్వాత కిందకి చూడండి, ముళ్లు, ఎండుటాకుల్లో చీమల పుట్టలు ఉంటే మీద టార్పాలిన్ పరిచినా లాభం లేదు, చోటు మార్చండి. ఇక్కడి ఎర్ర చీమలు మన దగ్గరి గండు చీమల కన్నా బాగా కుడతాయి. మేకులు నిటారుగా కాకుండా టెంట్‌కి ఎదురు వాలుగా దిగ్గొట్టండి.

టార్పాలిన్ అంచులు టెంట్ బయటికి రాకుండా లోపలికి మడవండి. బయటికి వస్తే వాన నీళ్లు దాని మీద పడి నేరుగా మీ పక్క కిందకి చేరతాయి. ఇది చాలామంది చేసే తప్పు.

అన్నీ కట్టాక నాలుగు మూలలా తాడు పట్టుకుని గట్టిగా లాగండి. మేకు కదిలితే అక్కడ ఇసుకలో ఒక పుల్లని అడ్డంగా పాతి దానికి తాడు కట్టండి. లోపలికి వెళ్లి పడుకుని చూడండి. తల వైపు పల్లంగా ఉంటే ఇప్పుడే తిప్పుకోండి, రాత్రి తిప్పడం కష్టం.

మంట ఇనుప రింగులోనే వేయాలి, బీచ్ మీద వేయకూడదు. నేల మీద పడి ఎండిన పుల్లలు ఏరుకోవచ్చు, చెట్టు మీద కొమ్మ మాత్రం ఎండినా విరవకూడదు. పడుకునే ముందు నీళ్లు పోసి, కలిపి, బూడిద మీద చేయి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఇంకో గిన్నె నీళ్లు పోయండి.

7. రకూన్‌ల సంగతి

మా మొదటి రాత్రి చపాతీల సంచి బల్ల మీద పెట్టి, జిప్పు వేసి, "అయిదు నిమిషాలే కదా" అని బీచ్‌కి వెళ్లాం. తిరిగొచ్చేసరికి జిప్పు నీటుగా తీసి ఉంది. చింపలేదు, కొరకలేదు. అది రకూన్‌ల పని. రాత్రిళ్లు తిండి వెతుక్కుంటూ తిరిగే అడవి జంతువులు ఇవి, చిన్న పిల్లల చేతుల్లాంటి అయిదు వేళ్ల చేతులు వాటికి. జిప్పు కొస పట్టుకుని లాగుతాయి, డబ్బా మూత తిప్పుతాయి. పన్నెండు చపాతీల్లో రెండు మిగిలాయి, పిల్లలు బిక్కమొహం వేశారు.

కాబట్టి తిండి అంతా జాలీ పెట్టెలో పెట్టి గడియ బిగించాలి. తిండంటే అన్నం కూరలే కాదు. పేస్టు, సబ్బు, కొబ్బరినూనె, దోమల మందు, చంటిపిల్లల తుడుపు గుడ్డలు, ఖాళీ గిన్నెలు, చెత్త సంచి అన్నీ. వాసన వచ్చే ఏ వస్తువూ టెంట్‌లో ఉండకూడదు. పిల్లల జేబుల్లో చాక్లెట్ కాగితాలు ఉంటాయి, అవీ తీయించండి.

సరిగ్గా చేశారా లేదా తెలుసుకోవాలంటే, పడుకునే ముందు లైటు తీసుకుని బల్ల కింద, మంట చుట్టూ ఒకసారి తిరగండి. ఒక్క అటుకు గింజ కనిపించినా ఏరండి. ఒక రాత్రి రకూన్‌కి తిండి దొరికితే అది తర్వాత వచ్చేవాళ్ల టెంట్ దగ్గరికి కూడా వస్తుంది. మీరు చేసిన పొరపాటు మీతో పోదు.

గుర్రాల విషయం కూడా ఇక్కడే చెప్తాను. ఒకప్పుడు మనుషులు తెచ్చినవి, ఇప్పుడు వాటంతట అవే బతుకుతున్నాయి, వంద పైన ఉన్నాయి. ఎవరూ మేత వేయరు, వైద్యం చేయరు. క్యాంపు పక్కనే మేస్తుంటాయి. తెల్లవారుజామున టెంట్ గుడ్డకి అవతల గడ్డి కొరికే చప్పుడు, ఊపిరి బుసబుసలు వినడం నాకు ఈ ద్వీపంలో అన్నిటికన్నా ఇష్టం. కానీ 50 అడుగుల దూరం ఉండండి. చేతిలో క్యారెట్ పట్టుకుని సెల్ఫీకి వెళ్లొద్దు. అవి కరుస్తాయి, తంతాయి.

8. సముద్రం

లైఫ్‌గార్డులు లేరు. ఇది పిల్లలకి కాదు, పెద్దవాళ్లకే ఎక్కువ చెప్పాల్సిన మాట. మోకాలి లోతు దాటకుండా ఆడుకోవచ్చు. ఈత వచ్చినవాళ్లు కూడా ఒంటరిగా వెళ్లవద్దు. నీటి లాగుడు మిమ్మల్ని లోపలికి తీసుకెళ్తుంటే ఒడ్డుకి ఎదురీదకండి. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకి రండి.

నీళ్లలోకి దిగేటప్పుడు పాదాలు ఎత్తకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడవండి. అడుగున పడుకున్న టెంకి చేప (స్టింగ్‌రే) ఆ కదలికకి పక్కకి పోతుంది. పైన కాలు పెడితే ముల్లు దించుతుంది.

జార్జియా తీరంలో ఆటుపోట్ల తేడా ఆరు అడుగుల పైనే ఉంటుంది. పోటు పూర్తిగా వచ్చినప్పుడు గట్టి ఇసుక అంతా మునిగి, మెత్తటి ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ నడవాలి. దూరం నడవాలనుకుంటే నీళ్లు వెనక్కి తగ్గుతున్నప్పుడు బయలుదేరండి. పట్టిక బయలుదేరే ముందే కాగితం మీద రాసుకోండి.

ఇసుక దిబ్బల మీద ఎక్కకండి, చెక్క దారి మీదే దాటండి. ఆ దిబ్బల్ని పట్టి ఉంచేది వాటి మీదున్న సీ ఓట్స్ గడ్డి వేళ్లే. పిల్లలు జారుడుబల్లలా ఆడితే వేళ్లు తెగి, తర్వాతి తుపానుకి దిబ్బ కొట్టుకుపోతుంది.

మే నుంచి అక్టోబరు మధ్యలో వెళ్తే రాత్రి బీచ్ మీద తెల్ల లైటు వేయకండి. లాగర్‌హెడ్ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, పిల్ల తాబేళ్లు వెలుతురు చూసి దారి తప్పుతాయి. ఎర్ర లైటు అందుకే. పగలు పిల్లలు తవ్విన గుంటలు, కట్టిన ఇసుక గూళ్లు సాయంత్రం చదును చేయించండి. అరచేతిలో పట్టే పిల్ల తాబేలు ఆ గుంటలో పడితే పైకి రాలేదు.

9. మధ్య రోజు ఏం చూడాలి

సీ క్యాంప్ నుంచి నది పక్క దారిలో డంజెనెస్ దాకా వెళ్లి, అక్కడినుంచి బీచ్ మీదుగా తిరిగి రండి. మొత్తం సుమారు నాలుగు మైళ్లు, పిల్లలతో సగం రోజు. డంజెనెస్ అంటే ఆండ్రూ కార్నెగీ తమ్ముడు థామస్, ఆయన భార్య లూసీ 1880లలో కట్టడం మొదలుపెట్టిన భవంతి. 1959లో కాలిపోయింది. ఇప్పుడు ఇటుక గోడలు, పొగగొట్టాలు నిలబడి ఉన్నాయి. గోడలెక్కవద్దు, వాటి సందుల్లో పాములుంటాయి.

దారిలో నేల చూస్తూ నడవండి. పూడికతీసి తెచ్చిన మట్టి వేసిన దారుల మీద షార్క్ పళ్లు దొరుకుతాయి. నల్లగా, మెరుస్తూ, మూడు మూలలుగా, చాలావరకు బాదంపప్పు కన్నా చిన్నవి. రాయి అనుకుని వదిలేస్తారు. ఎండకి తిప్పి చూడండి, నున్నగా మెరిస్తే పన్నే. వాటిని, లోపల ప్రాణి లేని గవ్వల్ని తీసుకెళ్లడానికి అనుమతి ఉంది. మిగతావేవీ, పాత ఇటుక ముక్కతో సహా, తేకూడదు.

ఉత్తరం కొస చూడాలంటే పార్కు వ్యాను టూరు ముందుగా బుక్ చేసుకోండి. దాదాపు రోజంతా పడుతుంది. అక్కడ సెటిల్‌మెంట్ అనే చోట ఒక చిన్న తెల్ల చెక్క చర్చి ఉంది, ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ల కుటుంబాలు 1893లో పెట్టుకున్నది. పదకొండు బెంచీలే పట్టే చిన్న గది. కార్నెగీల భవంతి చూసినవాళ్లు దీన్నీ చూడాలని నా కోరిక, ఇద్దరిదీ ఈ నేలే కదా. నడిచి వెళ్లిరావడం మాత్రం ఒక్కరోజులో అయ్యే పని కాదు.

ఎటు వెళ్లినా తిండి, నీళ్లు వెంట ఉండాలి. మంచినీటి మడుగుల ఒడ్డున పిల్లల్ని దిగనివ్వకండి, మొసలి జాతి ఆలిగేటర్లు ఉంటాయి.

10. రోజూ సాయంత్రం టిక్‌ల తనిఖీ

టిక్ అంటే మన పశువులకి పట్టే పిడుదే. గడ్డి కొసన కాళ్లు చాచి కూర్చుని, తగిలినవాళ్లని పట్టుకుంటుంది. పొడవు ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోండి, గడ్డిలోకి దిగకుండా దారి మధ్యలో నడవండి.

సాయంత్రం షవర్ దగ్గర చూడాల్సిన చోట్లు: మోకాలి వెనక, నడుం పట్టీ కింద, చంకలు, చెవుల వెనక, మెడ మీద జుట్టు మొదళ్లు. నువ్వుగింజంత ఉండొచ్చు. పుట్టుమచ్చ అనుకున్నదాన్ని గోటితో తడిమి చూడండి.

పట్టి ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా, నిదానంగా లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్ల చూపించడం లాంటివి చేయవద్దు. తీశాక సబ్బుతో కడిగి, తేదీ రాసి పెట్టుకోండి. తర్వాత వారాల్లో జ్వరం గానీ, ఎర్రటి మచ్చ పెరగడం గానీ ఉంటే డాక్టరుకి ఆ తేదీ చెప్పండి.

11. తిరుగు ప్రయాణం

ఫెర్రీకి రెండున్నర గంటల ముందు టెంట్ విప్పడం మొదలుపెట్టండి. పొద్దున తోపుడు బండ్లకి పోటీ ఉంటుంది, ఒకరు ముందే వెళ్లి ఒకటి తెచ్చుకోండి. వాడాక రేవు దగ్గర తిరిగి పెట్టేయండి.

ద్వీపంలో చెత్తబుట్టలు లేవు. అరటి తొక్క, నారింజ తొక్క కూడా సంచిలోనే. "కుళ్లిపోతుందిలే" అని పొదలో విసరవద్దు, దాన్ని కుళ్లనివ్వకుండా ముందు రకూన్ వస్తుంది. అన్నీ ఎత్తాక కుటుంబమంతా ఒక వరసలో నిలబడి, చేయి దూరంలో, టెంట్ చోటు ఈ కొస నుంచి ఆ కొసకి నేల చూస్తూ నడవండి. మేము నడిచినప్పుడల్లా ఒక మేకో, ఒక సీసా మూతో దొరుకుతూనే ఉంటుంది.

ఇంటికొచ్చాక బట్టలు ముందు డ్రయ్యర్లో గట్టి వేడి మీద తిప్పి, తర్వాత ఉతకండి. దాక్కున్న టిక్‌లు ఆ వేడికి చస్తాయి. టెంట్‌ని బాల్కనీలో రెండు రోజులు ఆరేయండి, జిప్పుల్లో ఇసుకని పాత టూత్‌బ్రష్‌తో దులపండి. ఉప్పుగాలి తగిలిన మేకుల్ని మంచినీళ్లతో కడిగి తుడిచి పెట్టండి, లేకపోతే మళ్లీసారికి తుప్పు పడతాయి.